కత్తెర పడని దయ్యాల కథలు చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆమధ్య మీ సినిమా పేజీలో తప్పక చూడాల్సిన హారర్ సినిమాలంటూ ఒక వ్యాసం వేశారు. వ్యాసం బాగానే ఉంది కానీ ఆంథాలజీలను, అంటే ఒకే సినిమాలో మూడో నాలుగో చిన్న కథలు ఉండేవాటిని, ఒక్క వాక్యంలో తేల్చి పారేశారు. ఒక కథ బాగుంటే ఇంకోటి బాగోదు, మొత్తం మీద అతుకుల బొంతలా ఉంటాయి, వదిలేసినా పర్వాలేదు అని. ఈ మాట మీరే కాదు, హారర్ అంటే చెవి కోసుకునేవాళ్లు కూడా అంటుంటారు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైనా వేయండి.

నేననేది ఏమిటంటే, ఆ అతుకుల్లో సగం తీసినవాళ్లు వేసినవి కావు, కోసినవాళ్లు వేసినవి. మామూలు సినిమాలో ఇరవై నిమిషాలు కోస్తే కథ కుంటుతుంది, చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది. ఆంథాలజీలో అయితే ఒక కథ మొత్తం పీకేసినా పైకి గాయం కనబడదు, అందుకే పంపిణీదారుల చెయ్యి ఊరుకోదు. ఈ రకం సినిమాల్లో గొప్పవి అనదగ్గవి చాలా వాటికి ఇదే గతి పట్టింది. మనవాళ్లకు అంతగా తెలియని కొన్ని చెబుతాను, ఏ ప్రింటు చూడాలో కూడా చెబుతాను.

ముందుగా 1945 నాటి 'డెడ్ ఆఫ్ నైట్'. ఇంగ్లండులో ఈలింగ్ స్టూడియోస్ తీసిన నలుపు తెలుపు సినిమా. కావల్కాంటి, చార్ల్స్ క్రైటన్, బాసిల్ డియర్డెన్, రాబర్ట్ హేమర్ అని నలుగురు దర్శకులు. ఒక ఆర్కిటెక్టు పని మీద పల్లెలో ఉన్న ఒక ఇంటికి వస్తాడు. అక్కడున్న వాళ్లెవరినీ అంతకుముందు చూడలేదు, కానీ అందరూ తనకు పదే పదే వచ్చే పీడకలలోని మనుషులే, తర్వాత ఏం జరుగుతుందో కూడా ముక్కలు ముక్కలుగా గుర్తొస్తుంటుంది. ఆ సంగతి బయటపెట్టగానే ఇంట్లో ఉన్న అతిథులు ఒక్కొక్కరుగా తమకు జరిగిన వింతలు చెప్పడం మొదలుపెడతారు, ఒక మానసిక వైద్యుడు మాత్రం అన్నిటికీ ఏదో ఒక కారణం చూపిస్తూ కొట్టిపారేస్తుంటాడు. హేమర్ తీసిన అద్దం కథ ఒక్కటి చాలు, కాబోయే భార్య పుట్టినరోజుకి కొనిచ్చిన పాత అద్దంలో అతనికి తన గది కాకుండా వేరే గది కనబడుతుంటుంది, అంతే, అంతకు మించి గ్రాఫిక్స్ లేవు, అరుపులు లేవు. ఇక మైకేల్ రెడ్‌గ్రేవ్ చేసిన మాట్లాడే బొమ్మ కథ గురించి చెప్పక్కర్లేదు. బొమ్మ ఆడించేవాణ్ని బొమ్మే ఆడిస్తోందా అనే ఆలోచనతో ఆ తర్వాత ఎన్ని సినిమాలు వచ్చినా నాకు వాటన్నిటికన్నా ఇదే ఎక్కువ.

ఈ సినిమాను అమెరికాలో విడుదల చేసినప్పుడు రెండు కథలు ఎత్తేశారు. ఒకటి క్రిస్మస్ పార్టీలో పిల్లల దాగుడుమూతల కథ, రెండోది ఇద్దరు గోల్ఫ్ ఆటగాళ్ల కథ. అసలు చిక్కు ఎక్కడంటే, చివర్లో ఆర్కిటెక్టు పీడకల ముదిరినప్పుడు అతను మనం అప్పటిదాకా విన్న కథల్లోకే వరసగా వెళ్లి పడతాడు, ఒక కథలోని మనిషి ఇంకో చోట ప్రత్యక్షమవుతాడు. క్రిస్మస్ కథ చూడనివాడికి ఆ దాగుడుమూతలు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయో ఏం అర్థమవుతుంది? చూసినవాళ్లు సినిమా తికమకగా ఉందంటారు, మనం ఆ మాట పట్టుకుని ఆంథాలజీలంటే ఇంతే అనుకుంటాం. గోల్ఫ్ కథ నాకూ పెద్దగా నచ్చదు లెండి, అది హారర్ కంటే నవ్వుల కథ. కానీ దాని తర్వాత వచ్చేది బొమ్మ కథ. మనిషిని కాసేపు నవ్వించి, ఒళ్లు వదులు చేయించి, అప్పుడు పట్టుకుంటే ఆ పట్టు వేరు. కోసినవాడికి ఈ లెక్క తెలియలేదు.

ఈ సినిమాకి సైన్సు చరిత్రలో కూడా ఒక మూల చోటుంది. మన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్‌కి గురువైన ఫ్రెడ్ హోయల్, ఆయన స్నేహితులు హెర్మన్ బాండీ, థామస్ గోల్డ్ ఈ సినిమా చూశారు, దీని కథ నడిచే తీరు చూశాకే విశ్వానికి మొదలూ తుదీ లేకపోతే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చిందని చెబుతారు. 1948లో వాళ్లు ప్రకటించిన స్థిరస్థితి సిద్ధాంతం తర్వాత బిగ్ బ్యాంగ్ ముందు నిలబడలేదు, అది వేరే విషయం. దయ్యాల సినిమా చూసి విశ్వసిద్ధాంతం కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని నా అనుమానం.

రెండోది 1963లో మారియో బావా తీసిన ఇటలీ సినిమా. 'బ్లాక్ సబ్బాత్' అంటే రాక్ సంగీతం వినేవాళ్లకు ఒక బ్యాండు గుర్తొస్తుంది, ఆ బ్యాండుకి పేరు వచ్చింది ఈ సినిమా నుంచే. మూడే కథలు. ఒకదాంట్లో రాత్రిపూట ఒంటరిగా ఉన్న అమ్మాయికి ఫోన్లు వస్తుంటాయి, ఒకదాంట్లో బోరిస్ కార్లాఫ్ రక్తం తాగే ముసలాడు, మూడోది నీటిచుక్క కథ. ఈ నీటిచుక్క గురించి మాత్రం ఆగి చెప్పాలి. చనిపోయిన ముసలావిడకు బట్టలు మార్చడానికి అర్ధరాత్రి ఒక నర్సును పిలుస్తారు. ఆ చనిపోయినావిడ ఆత్మలతో మాట్లాడే మనిషి. శవం వేలికున్న ఉంగరం మీద నర్సు కన్ను పడుతుంది, తీసేసుకుంటుంది. ఇంటికొచ్చాక ఎక్కడో నీటిచుక్కలు పడుతున్న చప్పుడు, ఒక ఈగ రొద. అంతే. కిటికీ అవతల నుంచి ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి ఊదారంగు వెలుగు పడుతుంటుంది. ఆ శవం మొహాన్ని మైనంతో చేసింది బావా తండ్రి యూజీనియో. ఇవాళ కంప్యూటర్లతో చేస్తున్న ఏ మొహం కూడా నన్ను ఇంత ఇబ్బంది పెట్టలేదు, రాత్రి పంపు సరిగా కట్టారో లేదో లేచి చూసుకునేంతగా.

దీన్ని అమెరికా వాళ్లు ఏం చేశారయ్యా అంటే, కథల వరస తారుమారు చేశారు, సంగీతం మార్చారు. ఫోన్ కథలో ఇద్దరు ఆడవాళ్ల మధ్య పాత బంధం ఉంటుంది, అది వాళ్ల సెన్సారుకి నచ్చదని మాటలు మార్చి, ఫోన్ చేసేది జైల్లోంచి తప్పించుకున్నవాడు కాదు చచ్చినవాడు అని దయ్యం కథ చేసి పెట్టారు. అన్నిటికన్నా నాకు మండేది, చివరి సరదా తీసేయడం. ఇటాలియన్ ప్రింటులో కార్లాఫ్ గుర్రమెక్కి దౌడు తీస్తూ మనకు వీడ్కోలు చెబుతుంటే కెమెరా వెనక్కి జరుగుతుంది, చూస్తే అది కొయ్యగుర్రం, చుట్టూ స్టూడియో మనుషులు చెట్టుకొమ్మలు పట్టుకుని గుండ్రంగా పరిగెడుతుంటారు. మూడు కథలతో హడలెత్తించినవాడు చివర్లో ఇదంతా నాటకమర్రా అని నవ్వేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? కాబట్టి వెతికేటప్పుడు 'ఇ త్రే వోల్తి దెల్లా పౌరా' అనే ఇటాలియన్ పేరుతో వెతకండి.

మూడోది 'క్వైదాన్'. 1964 జపాన్ సినిమా, దర్శకుడు మసాకి కొబయాషి. కేన్స్‌లో 1965లో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది, ఆస్కార్‌కి నామినేట్ అయింది, అలాంటప్పుడు తెలియని సినిమా ఎలా అవుతుందంటారేమో. ఫిల్మ్ సొసైటీల వాళ్లకు తెలుసు, హారర్ అభిమానులకు తెలియదు. ఆర్టు సినిమా అనే ముద్ర పడితే మనవాళ్లు ఆ వీధి మొహమే చూడరు. ఇందులో నాలుగు కథలు, నాలుగూ లాఫ్కాడియో హెర్న్ తిరగరాసిన పాత జపాన్ కథలు. ఆయన గ్రీసులో పుట్టి, ఎక్కడెక్కడో తిరిగి, 1890లో జపాన్ చేరి, అక్కడే పెళ్లి చేసుకుని, కొయిజుమి యాకుమో అని పేరు కూడా మార్చుకున్నాడు. మన జానపద కథలకు అలాంటి పిచ్చివాడు ఒకడు దొరికి ఉంటే బాగుండేది.

సినిమాలో చాలాభాగం బయట తీయలేదు, విమానాల షెడ్డులో సెట్లు వేసి తీశారు. ఆకాశం కూడా గుడ్డ మీద వేసిన బొమ్మే. మంచు స్త్రీ కథలో ఆ ఆకాశంలో పెద్ద కన్ను కనిపిస్తుంది, మనుషుల్ని చూస్తున్నట్టు. టోరు తాకెమిత్సు సంగీతం అంటారు కానీ అందులో సంగీతం కన్నా నిశ్శబ్దమే ఎక్కువ, మనిషి నడిస్తే అడుగుల చప్పుడు కూడా వినిపించకుండా చేసి, మనం అనుకోని చోట కర్ర విరిగిన శబ్దం వేస్తాడు. నాకు బాగా నచ్చింది చెవుల్లేని హోయిచి కథ. హోయిచి గుడ్డివాడు, బీవా అనే తంత్రీవాద్యం వాయిస్తూ 1185 నాటి దన్నోఉర యుద్ధాన్ని, అందులో సముద్రంలో మునిగిపోయిన హెయికే వంశాన్ని గానం చేస్తుంటాడు. ఒక రాత్రి ఎవరో సైనికుడు వచ్చి మా ప్రభువులు నీ పాట వింటారట రమ్మని తీసుకెళతాడు. ఆ ప్రభువులెవరో మనకు తెలిసిపోతుంది, వాడికి తెలియదు. దాదాపు అదే కాలంలో జరిగిన మన పల్నాటి యుద్ధం కథను కారంపూడిలో వీరవిద్యావంతులు పాడటం విన్నవాళ్లకు, చచ్చిన వీరుల ఎదుటే వాళ్ల కథ పాడటం అంటే ఏమిటో వేరే చెప్పాల్సిన పని లేదు. గుడి పూజారులు హోయిచిని కాపాడటానికి ఒంటినిండా మంత్రాలు రాస్తారు, ఒక్కచోట తప్ప. ఎక్కడ మరిచిపోయారో కథ పేరులోనే ఉంది, అయినా ఆ సీను దగ్గర మనిషి చెయ్యి తనంతట తానే చెవి మీదకి పోతుంది.

ఇందులోంచి అమెరికా వాళ్లు కోసేసింది ఏ కథనంటారు? కన్ను ఉన్న ఆకాశం, ఆ మంచు స్త్రీ కథనే. పూర్తి సినిమా 183 నిమిషాలు. మీకు దొరికింది రెండు గంటలకే అయిపోతుంటే అది కోసిన ప్రింటు అని తెలుసుకోండి. మూడు గంటలు ఒక్క బిగిన చూడమని నేను అనను, రెండు కథలయ్యాక ఇంటర్వెల్ ఇచ్చుకోండి.

అమెరికావాళ్లనే అంటున్నానని అనుకోకండి, మన దేశపు సినిమాకి కూడా ఇదే జరిగింది. సత్యజిత్ రాయ్ 1961లో, టాగూర్ శతజయంతి ఏడాదిలో, ఆయన మూడు కథలతో 'తీన్ కన్య' తీశారు. రాయ్ తన సినిమాకు తానే సంగీతం కట్టడం దీంతోనే మొదలు. మూడింట్లో నడిమిది 'మణిహార', చక్కటి దయ్యం కథ. విదేశాలకు పంపినప్పుడు దాన్నే తీసేసి మిగతా రెంటినీ 'టూ డాటర్స్' అని పంపారు, అందువల్ల రాయ్ హారర్ కూడా తీశారని బయట చాలామందికి చాలాకాలం తెలియలేదు. నిజానికి మనలో ఎంతమందికి తెలుసు? పోస్ట్‌మాస్టర్ కథ గురించి అందరూ మాట్లాడతారు. మణిహారలో నగల పిచ్చి ఉన్న భార్య, ఆమె అంటే పడిచచ్చే భర్త, నది ఒడ్డున బోలెడంత పాత బంగళా. భర్త వ్యాపారం దెబ్బతింటుంది, నగలు అడుగుతాడేమోనని ఆవిడకు దిగులు పట్టుకుంటుంది. నగలన్నీ ఒంటి మీద వేసుకుని పుట్టింటికని బయల్దేరుతుంది, మళ్లీ కనిపించదు. ఆ తర్వాత ఒక రాత్రి మెట్ల మీద నగల చప్పుడు వినిపిస్తుంది. ఈ కథను రేవు మెట్ల మీద కూర్చుని ఒక బడిపంతులు చెబుతుంటాడు, పక్కన ముసుగు కప్పుకున్న మనిషి ఒకడు వింటుంటాడు. ఆ వినేవాణ్ని గమనిస్తూ ఉండండి, ఇంతకన్నా చెప్పను.

ఇక్కడే రెండో మాట. ఆంథాలజీకి ప్రాణం లోపలి కథల్లో ఎంత ఉందో వాటిని కలిపే బయటి కథలో అంత ఉంది. చందమామలో బేతాళ కథలు చదివి పెరిగినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. కథ చెప్పేది శవంలోని బేతాళుడు, వినేవాడి భుజం మీదే ఆ శవం, కథ అయ్యాక ప్రశ్న, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం చెట్టెక్కుతుంది. వినేవాణ్ని కూడా కథలో ఇరికించడమే అందులో కిటుకు.

ఆ కిటుకు బాగా పట్టుకున్నది ఇంగ్లండులో యామికస్ అనే చిన్న సంస్థ. పెట్టింది మాత్రం ఇద్దరు అమెరికన్లు, మిల్టన్ సుబోత్స్కీ, మాక్స్ రోజెన్‌బర్గ్. సుబోత్స్కీకి 'డెడ్ ఆఫ్ నైట్' అంటే వల్లమాలిన ఇష్టం, ఆ ఇష్టంతోనే 1965 నుంచి 1974 దాకా ఏడు ఆంథాలజీలు తీశారు. డబ్బులు తక్కువ కాబట్టి పేరున్న నటుల్ని కొద్దిరోజులకే పిలిచి ఒక్కొక్కరికి ఒక్కో కథ ఇచ్చేవారు. ఏడింట్లో అన్నీ గొప్పవని నేను అనను. 'వాల్ట్ ఆఫ్ హారర్' నాకు చప్పగా అనిపిస్తుంది. కానీ 1972లో వచ్చిన 'అసైలమ్' చూడండి. ఒక కుర్ర డాక్టరు మానసిక చికిత్సాలయంలో ఉద్యోగానికి వస్తాడు. అక్కడి పెద్ద డాక్టరుకే పిచ్చెక్కింది, ఇప్పుడు ఉన్న రోగుల్లో ఆయన ఎవరో వాళ్ల కథలు విని కనిపెట్టు, కనిపెడితే ఉద్యోగం నీది అంటారు. అచ్చంగా బేతాళుడి ప్రశ్నే. రాసింది రాబర్ట్ బ్లాక్, 'సైకో' నవల రాసినాయన. గోధుమరంగు కాగితంలో చుట్టిన పొట్లాలు నేల మీద పాకే సీను ఇందులోదే, చెబితే నవ్వొస్తుంది, చూసేటప్పుడు రాదు.

1974 నాటి 'ఫ్రమ్ బియాండ్ ద గ్రేవ్' వీళ్ల చివరి ఆంథాలజీ, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది. పీటర్ కుషింగ్ పాత సామాన్ల కొట్టు యజమాని. వచ్చినవాళ్లలో ఒకడు అద్దాన్ని నకలు అని బుకాయించి చవగ్గా కొట్టేస్తాడు, ఒకడు ధర చీటీలు మారుస్తాడు, ఒకడు దొంగతనమే చేస్తాడు. ఆయన ఎవరినీ ఏమీ అనడు, పైప్ కాల్చుకుంటూ కూర్చుంటాడు. వస్తువే వాళ్ల ఇంటికి వెళ్లి లెక్క సరిచేస్తుంది. బేరమాడటం మన జన్మహక్కు అనుకునే మనకి ఈ సినిమా ఇంకాస్త ఎక్కువ టెన్షన్ పెడుతుంది. కుషింగ్ పనితనం ఇంకా చూడాలంటే 'టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్' (1972) ఉంది. అందులో భార్యను పోగొట్టుకుని ఆమె ఫొటోతో మాట్లాడుకునే ముసలాయనగా చేశాడు. ఆయన సొంత భార్య హెలెన్ చనిపోయింది 1971 జనవరిలో. సినిమాలో ఆ భార్య పేరు కూడా హెలెనే. అది తెలిశాక ఆ కథను దయ్యం కథగా చూడటం నా వల్ల కాలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 1968 నాటి 'స్పిరిట్స్ ఆఫ్ ద డెడ్' ఎడ్గార్ అలన్ పో కథల మీద ముగ్గురు దర్శకులు తీసింది, మొదటి రెండూ నన్ను నిద్రపుచ్చాయి, మూడోది ఫెల్లీనీ తీసిన 'టోబీ డామిట్', దానికోసమైనా చూడాలి, బంతితో ఆడుకునే తెల్ల గౌను పాప కనిపిస్తే లైటు వేసుకోవాలనిపిస్తుంది. 1995లో రస్టీ కండీఫ్ తీసిన 'టేల్స్ ఫ్రమ్ ద హుడ్' అమెరికాలో నల్లజాతి వాళ్ల మీద పోలీసుల దౌర్జన్యం, జాతివివక్ష, ఇంట్లో హింస, వీటన్నిటినీ దయ్యాల కథలుగా చెప్పిన సినిమా, కోపంతో తీసినట్టు ఉంటుంది, పాతబడలేదు. 2004 నాటి 'త్రీ ఎక్స్‌ట్రీమ్స్'లో హాంకాంగ్, కొరియా, జపాన్ నుంచి తలా ఒక కథ, అందులో హాంకాంగ్ వాళ్ల 'డంప్లింగ్స్' భోజనానికి ముందు వద్దు, తర్వాతా వద్దు. గర్భిణులు అసలే వద్దు, ఇది హాస్యానికి అనడం లేదు.

థాయ్‌లాండ్ వాళ్ల '4బియా' (2008) కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి మంచిది. కాలు విరిగి గదిలో పడి ఉన్న అమ్మాయికి ఎవరో తెలియనివాడి నుంచి మెసేజీలు రావడం ఒక కథ, దాదాపు మాటలే ఉండవు. టెంటులో నలుగురు స్నేహితుల కథలో పడీ పడీ నవ్వి, ఆ నవ్వు ఆగకముందే హడలిపోతాం. ఆ నలుగురి కథ తీసిన బన్‌జాంగ్, విమానం కథ తీసిన అతని జోడీ పార్క్‌పూమ్ మనకు పరోక్షంగా తెలిసినవాళ్లే. ప్రియమణి అవిభక్త కవలలుగా చేసిన 'చారులత'కు మూలమైన 'ఎలోన్' వాళ్లదే.

మనవైపు చూస్తే రామ్ గోపాల్ వర్మ నిర్మించిన 'డర్నా మనా హై' (2003) ఉండనే ఉంది, ప్రవాల్ రామన్ దర్శకుడు, ఆరు కథలు. అప్పట్లో చూసినవాళ్లకు గుర్తుంటుంది కానీ ఇప్పటి కుర్రాళ్లు పేరు కూడా వినలేదు. సిగరెట్ అంటే పడని హోటల్ ఓనరు కథ, యాపిల్ పళ్ల కథ ఈ రెంటికైనా చూడొచ్చు. ఆ యాపిల్ కథ తర్వాత బండి మీద పళ్లు మరీ నిగనిగలాడుతూ, మరీ చవగ్గా ఇస్తామంటే నేను ఇప్పటికీ తీసుకోను.

ఇవన్నీ ఫలానా ఓటీటీలో ఉన్నాయని రాయడం లేదు, ఇవాళ ఉన్నది రేపు ఉండదు కాబట్టి. పేరుతో పాటు నిడివి చూసుకుని మొదలుపెట్టండి. సంపాదకులు గారూ, మీకూ ఒక మనవి. పాత సినిమాల గురించి రాయించినప్పుడు దర్శకుడి పేరు, సంవత్సరం వేసినట్టే పూర్తి నిడివి ఎన్ని నిమిషాలో కూడా వేయించండి, ఒక్క అంకె కదా. మలయాళం, మరాఠీ, ఒడియాల్లో ఇలాంటివి చూసిన పాఠకులుంటే ఈ పేజీకే రాయండి, నేను చెప్పినవి ఎక్కువ ఇంగ్లండు, జపాన్‌ల చుట్టూనే తిరిగాయి. గోల్ఫ్ కథే అన్నిటికన్నా బాగుందనేవాళ్లు ఉంటే వాళ్లు కూడా రాయండి, చదువుతాను. ముగింపులు మాత్రం చెప్పకండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
తెనాలి